సైమన్ హ్యారిస్ రాజకీయ ప్రస్థానం: తరచుగా అడిగే ప్రశ్నలు

సైమన్ హ్యారిస్ ఎవరు?

ఐర్లాండ్‌లో ఫినె గేల్ పార్టీ నాయకుడు. పుట్టింది 1986 అక్టోబర్ 17న. ఊరు డబ్లిన్‌కి దక్షిణాన సముద్రం ఒడ్డునున్న గ్రేస్టోన్స్, విక్లో కౌంటీ. తండ్రి టాక్సీ డ్రైవర్. 22 ఏళ్లకు కౌన్సిలర్, 24కి పార్లమెంటు సభ్యుడు, 29కి ఆరోగ్య మంత్రి అయ్యారు. 37 ఏళ్లకు, 2024 ఏప్రిల్ 9న ప్రధాని పీఠం ఎక్కారు. ఆ దేశ చరిత్రలో అంత చిన్న వయసులో ప్రధాని అయినవారు మరొకరు లేరు.

ఇక్కడ వయసు చూసి ఆశ్చర్యపోవడం తేలిక. కానీ ఆ వేగానికి అసలు కారణం ఆయన ఎంచుకున్న మెట్లు, ఆ మెట్లు అలా పేర్చి ఉంచిన ఎన్నికల పద్ధతి. కింది జవాబుల్లో ఎక్కువ భాగం దాని గురించే.

ఈ ఐరిష్ పేర్లేంటి? ఎలా పలకాలి?

ప్రధానిని టీషక్ అంటారు. ఉప ప్రధాని టానిష్ట. దిగువ సభ పేరు డాయిల్. మన లోక్‌సభలాంటిది, ప్రస్తుతం 174 సీట్లు. అందులో సభ్యుడిని టీడీ అంటారు. పేపర్లో "టీడీ" కనిపిస్తే మన ఎంపీ అనుకోండి. పెద్ద పార్టీలు మూడు: ఫినె గేల్, ఫియానా ఫాయిల్, షిన్ ఫేన్.

రాజకీయాల్లోకి ఎలా వచ్చారు?

ఇంట్లోంచే వచ్చింది కారణం. ఆయన తమ్ముడికి ఆటిజం. బడిలో, ఆసుపత్రిలో ఆ పిల్లవాడికి కావలసిన సాయం దొరక్క కుటుంబం పడ్డ ఇబ్బంది చూసి, ఇంకా హైస్కూల్లో ఉండగానే విక్లోలో ఆటిజం, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్య) ఉన్న పిల్లల కుటుంబాల కోసం ఒక సంఘం పెట్టారు. ఎవరి దగ్గరికి వెళితే పని అవుతుందో, ఏ ఫారం ఎక్కడ ఆగిపోతుందో పదిహేను, పదహారేళ్ల వయసులోనే తెలిసింది. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఇరవై ఏళ్ల తర్వాత ఆయనకు తగిలిన గట్టి దెబ్బ కూడా ఇదే విషయంలో తగిలింది.

డిగ్రీ పూర్తి చేశారా?

లేదు. డబ్లిన్‌లో జర్నలిజం, ఫ్రెంచ్ కోర్సులో చేరి మధ్యలో మానేశారు. 2008లో ఫినె గేల్ సెనేటర్ ఫ్రాన్సెస్ ఫిట్జ్‌జెరల్డ్ దగ్గర సహాయకుడిగా చేరారు. తర్వాత ఆయనే ఉన్నత విద్యా మంత్రి అయినప్పుడు డిగ్రీ లేదన్న మాట చాలాసార్లు పైకి వచ్చింది.

22 ఏళ్ల కుర్రాడు కౌన్సిలర్‌గా ఎలా గెలిచాడు?

2009 స్థానిక ఎన్నికల్లో విక్లో కౌంటీ కౌన్సిల్‌కి, గ్రేస్టోన్స్ టౌన్ కౌన్సిల్‌కి రెండింటికీ ఎన్నికయ్యారు. ఆ కౌంటీలో అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చింది ఆయనకే. (టౌన్ కౌన్సిళ్లను 2014లో రద్దు చేశారు. ఇప్పుడున్నవి 31 స్థానిక సంస్థలు, 949 మంది కౌన్సిలర్లు.)

అక్కడ కౌన్సిలర్ చేతిలో ఉండేవి ఇళ్ల కేటాయింపు, కట్టడాల అనుమతుల విధానం, రోడ్లు, గ్రంథాలయాలు, పార్కులు. పోలీసు, ఆసుపత్రి, బడి ఆయన పరిధిలోకి రావు. అయినా జనం వాటి కోసమూ కౌన్సిలర్ దగ్గరికే వస్తారు. ఆ అర్జీ పట్టుకుని సరైన ఆఫీసుకి తీసుకెళ్లేవాడికే రేపు ఓటు పడుతుంది. మన దగ్గర ఎమ్మెల్యే ఇంటి ముందు పొద్దున్నే కనిపించే జనాన్ని చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు. అక్కడ దాన్ని "క్లినిక్" అంటారు. టీడీలు, కౌన్సిలర్లు వారంలో ఒక రోజు ఏ హాల్లోనో కూర్చుని వచ్చినవారి సమస్యలు రాసుకుంటారు.

ఇంకో చిన్న తలుపు ఉంది. కౌన్సిలర్ టీడీ అయితే కౌన్సిల్ సీటు వదులుకోవాలి, రెండూ ఒకేసారి కుదరవు. ఖాళీకి ఉప ఎన్నిక ఉండదు. ఆ పార్టీ ప్రతిపాదించిన వ్యక్తినే కౌన్సిల్ చేర్చుకుంటుంది. చాలామంది యువ నేతలు మొదట అలాగే లోపలికి వచ్చారు. హ్యారిస్‌కి ముందు ఫినె గేల్ నాయకుడిగా, టీషక్‌గా ఉన్న లియో వరాద్కర్ కూడా 2003లో అలాగే కౌన్సిల్‌లో అడుగుపెట్టారు.

అక్కడ ఓట్లు ఎలా లెక్కిస్తారు? అది అర్థం కాకపోతే మిగతాది అర్థం కాదంటారు, నిజమేనా?

నిజమే. ఒక నియోజకవర్గానికి ఒకరు కాదు, 3 నుంచి 5గురు టీడీలు. ఓటరు ఒక పేరు పక్కన గుర్తు వేసి ఊరుకోడు, నచ్చిన క్రమంలో 1, 2, 3 అని అంకెలు వేస్తాడు. బ్యాలెట్ పత్రం మీద పేర్లు ఇంటిపేరు అక్షరక్రమంలో, ఫొటోతో, పార్టీ గుర్తుతో ఉంటాయి.

గెలవడానికి "కోటా" అందుకోవాలి. చెల్లిన ఓట్లను సీట్ల సంఖ్య కంటే ఒకటి ఎక్కువతో భాగించి, వచ్చినదానికి ఒకటి కలపాలి. 4 సీట్లు, 50,000 చెల్లిన ఓట్లు అనుకోండి. 50,000ను 5తో భాగిస్తే 10,000. ఒకటి కలిపితే కోటా 10,001.

ఇప్పుడు ఒక అభ్యర్థికి 12,001 మొదటి ప్రాధాన్య ఓట్లు వచ్చాయి. ఆమె గెలిచింది, ఇంకా 2,000 మిగులు. ఆ మిగులు వృథా పోదు. ఆమె పత్రాలన్నీ రెండో అంకె ప్రకారం కట్టలు కడతారు. ఒకే ఒక్క పత్రం మీద రెండో అంకె లేదనుకుందాం. మిగిలిన 12,000లో 6,000 రెండో అభ్యర్థికి, 3,600 మూడో అభ్యర్థికి, 2,400 నాలుగో అభ్యర్థికి ఉన్నాయి. మిగులు 2,000 అంటే 12,000లో ఆరో వంతు. కాబట్టి వాళ్లకు వరుసగా 1,000, 600, 400 ఓట్లు చేరతాయి. ఎవరూ కోటా దాటని రౌండ్‌లో అందరికంటే కింద ఉన్నవారిని తప్పించి, వారి ఓట్లను తర్వాతి అంకె ప్రకారం పంచుతారు. సీట్లు నిండేదాకా ఇదే పని. ఒక్కోసారి పదిహేను రౌండ్లు పడుతుంది, రెండు మూడు రోజులు నడుస్తుంది.

దీనివల్ల అక్కడి అభ్యర్థి ప్రత్యర్థి పార్టీ ఇంటి తలుపు కూడా తడతాడు. "మీ ఒకటో నంబర్ వాళ్లకే ఇవ్వండి, రెండో మూడో నాకు వేయండి" అని అడుగుతాడు. ఎవరినైనా మరీ తిడితే వాళ్ల ఓటర్ల రెండో అంకె పోతుంది. యువ అభ్యర్థికి ఈ పద్ధతి మేలు చేస్తుంది. సీనియర్‌కి మొదటి ఓటు వేసినవారు "ఈ అబ్బాయికి కూడా ఒకటి వేద్దాం" అనుకోగలరు.

యంత్రాలు లేవా అని మనవాళ్లు అడుగుతారు. సుమారు 7,500 యంత్రాలు కొన్నారు, 2002లో కొన్నిచోట్ల పరీక్షించారు. భద్రత మీద నమ్మకం కుదరక పక్కన పెట్టి, చివరికి 2012లో పాత ఇనుముగా అమ్మేశారు. ఖర్చు 5 కోట్ల యూరోలు దాటింది. ఇప్పటికీ కాగితం, పెన్సిలే.

2011లో పార్లమెంటుకి ఎలా వెళ్లారు?

గాలి బలంగా వీచిన ఎన్నిక అది. బ్యాంకులు కుప్పకూలి 2010 నవంబర్‌లో ఐర్లాండ్ ఐరోపా సమాఖ్య, ఐఎంఎఫ్ దగ్గర అప్పు తీసుకోవాల్సి వచ్చింది. ఆ కోపం అంతా అధికారంలో ఉన్న ఫియానా ఫాయిల్ మీద పడింది. 166 సీట్లలో ఫినె గేల్ 76 గెలిచింది, ఆ పార్టీకి అంతకుముందెప్పుడూ అన్ని రాలేదు. విక్లోలోని 5 సీట్లలో 3 ఆ పార్టీవే. మూడోది హ్యారిస్‌ది. ఆ డాయిల్‌లో అందరికంటే చిన్నవాడు కావడంతో, పార్టీ నాయకుడు ఎండా కెన్నీ పేరును టీషక్ పదవికి సభలో ప్రతిపాదించే అవకాశం ఆయనకే దక్కింది. 24 ఏళ్ల వయసులో, మొదటి రోజే, దేశం మొత్తం చూస్తుండగా మాట్లాడారు.

ఎప్పుడూ ఓడిపోలేదా?

ఓడిపోయారు. 2014 ఐరోపా పార్లమెంటు ఎన్నికల్లో దక్షిణ నియోజకవర్గంలో ఫినె గేల్ ముగ్గురిని నిలబెట్టింది. ఉన్న సీట్లు నాలుగే. మొదటి ప్రాధాన్య ఓట్లలో హ్యారిస్ తన పార్టీకే చెందిన డెయిర్డ్రా క్లూన్ కంటే ముందున్నారు. రౌండ్లు గడిచేకొద్దీ బదిలీ ఓట్లు ఆమెకు ఎక్కువ చేరాయి, ఆమె దాటిపోయారు. ఈ పద్ధతిలో అసలు పోటీ చాలాసార్లు సొంత పార్టీవాళ్లతోనే. కొద్ది వారాలకే, ఆ జులైలో, ఆయన్ని ఆర్థిక శాఖలో సహాయ మంత్రిని చేశారు. ప్రభుత్వ కట్టడాలు, వరదల నివారణ చూసే విభాగం ఆయన కిందకి వచ్చింది.

ఆరోగ్య మంత్రిగా ఏం చేశారు?

2016 మే నుంచి 2020 జూన్ దాకా ఆ శాఖ ఆయనదే. ఐర్లాండ్‌లో ఈ శాఖను ఎవరూ కోరి తీసుకోరు. పడకలు చాలవు, వరుసలు పొడుగు, పత్రికలు రోజూ రాస్తాయి.

ఎక్కువగా గుర్తుండేది గర్భస్రావ చట్టం. 1983లో చేసిన ఎనిమిదో రాజ్యాంగ సవరణ తల్లి ప్రాణానికీ కడుపులో బిడ్డ ప్రాణానికీ సమాన హక్కు ఇచ్చింది. 2012 అక్టోబర్ 28న గాల్వేలో సవితా హలప్పనవర్ చనిపోయారు. ఆమె కర్ణాటక నుంచి వెళ్లిన దంతవైద్యురాలు, 31 ఏళ్లు, పదిహేడు వారాల గర్భిణి. గర్భం నిలవదని తెలిసినా, పిండం గుండె కొట్టుకుంటోందని గర్భస్రావానికి ఒప్పుకోలేదు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి ప్రాణం తీసింది. ఆ మరణం ఐర్లాండ్‌ని కదిలించింది. మన దేశపు ఆడపడుచు ఫొటో పట్టుకుని వేలమంది ఐరిష్ జనం వీధుల్లోకి వచ్చారు.

2018 మే 25న రెఫరెండం జరిగింది. 66.4 శాతం మంది సవరణ తొలగించాలని ఓటేశారు. ఆరోగ్య మంత్రిగా ఆ ప్రచారంలో ముందు నిలిచినవారు, తర్వాత చట్టాన్ని సభలో గట్టెక్కించినవారు హ్యారిస్. 2019 జనవరి 1 నుంచి పన్నెండు వారాల దాకా కారణం చెప్పకుండా సేవ పొందే వీలు వచ్చింది. 2011లో ఆయన వైఖరి దీనికి పూర్తిగా ఎదురుగా ఉండేది. మహిళల అనుభవాలు విన్నాక మనసు మారిందని బహిరంగంగానే ఒప్పుకున్నారు. కొందరు దాన్ని అవకాశవాదం అన్నారు. విన్నాక మారకపోవడమే తప్పని మా అభిప్రాయం.

మరి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షల వివాదం?

అదే 2018 వసంతంలో బయటపడింది. స్క్రీనింగ్‌లో తప్పు ఫలితం వచ్చి, తర్వాత క్యాన్సర్ తేలిన 200 మందికి పైగా మహిళల్లో చాలామందికి, వాళ్ల పాత స్లైడ్లు (గాజు పలక మీద భద్రపరిచిన నమూనాలు) మళ్లీ చూశారన్న సంగతి చెప్పలేదు. విక్కీ ఫెలన్ అనే మహిళ కోర్టుకెళ్లి, నోరు మూసుకునే షరతుకు ఒప్పుకోకపోవడంతో దేశానికి తెలిసింది.

భయపడిన మహిళలకు ధైర్యం ఇవ్వాలని హ్యారిస్ ఉచితంగా మళ్లీ పరీక్ష చేయిస్తామని ప్రకటించారు. ఉద్దేశం మంచిదే. కానీ స్లైడ్లు చదివే ప్రయోగశాలల సామర్థ్యం ముందే లెక్క చూసుకోలేదు. నమూనాలు గుట్టలు పడ్డాయి, ఫలితం రావడానికి నెలల తరబడి పట్టింది. అసలు పరీక్ష అవసరమైనవారు కూడా ఆ వరుసలోనే ఇరుక్కున్నారు.

పిల్లల ఆసుపత్రి ఖర్చు పెరగడం ఆయన తప్పేనా?

డబ్లిన్‌లో కడుతున్న జాతీయ పిల్లల ఆసుపత్రికి 2017లో అనుకున్నది 98 కోట్ల 30 లక్షల యూరోలు. 2018 చివరికి అంచనా 140 కోట్లు దాటింది. డిజైన్ పూర్తికాకముందే పని మొదలుపెట్టి, తుది ధర తర్వాత తేల్చుకునే రెండు దశల ఒప్పందం చేసుకోవడం మూల కారణాల్లో ఒకటి. ఆ పద్ధతి ఆయన ఒక్కడి నిర్ణయం కాదు. ఖర్చు పెరుగుతోందని ఎప్పుడు తెలిసింది, తెలిసిన వెంటనే ఎందుకు చెప్పలేదు అన్నదే ఆయన మీద పడ్డ ప్రశ్న. 2019 ఫిబ్రవరి 20న అవిశ్వాస తీర్మానం పెట్టారు. ఫియానా ఫాయిల్ ఓటింగ్‌కి దూరంగా ఉండడంతో 58–53 తేడాతో బయటపడ్డారు. ఏడాది తర్వాత మరో అవిశ్వాసం రాబోతుందనగా, సభలో సంఖ్య చాలదని గ్రహించి అప్పటి టీషక్ వరాద్కర్ ఎన్నికలకే వెళ్లారు.

2020 తర్వాత కొత్త శాఖకి మార్చడం పదవి తగ్గించడమేనా?

అప్పుడు అలాగే అనుకున్నారు. ఆ ఎన్నికలో విక్లోలో షిన్ ఫేన్ అభ్యర్థి మొదటి స్థానంలో నిలిస్తే, హ్యారిస్ చాలా రౌండ్ల తర్వాత గట్టెక్కారు. కొవిడ్ మొదటి నెలల్లో ఆరోగ్య మంత్రిగా కనిపించిన తీరుకు మెప్పూ వచ్చింది, "ముందు 18 కొవిడ్‌లు వచ్చాయి" అన్నట్టు మాట తూలి క్షమాపణ చెప్పాల్సీ వచ్చింది. తర్వాత ఉన్నత విద్య, పరిశోధన కోసం కొత్తగా పెట్టిన శాఖ ఇచ్చారు. ఆయన దాన్ని ఊరూరా తిరగడానికి వాడుకున్నారు. ఆ కాలంలోనే మన్‌స్టర్, అట్లాంటిక్, ఆగ్నేయ ప్రాంతాల సాంకేతిక విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. క్యాంపస్‌లకు వెళ్లినప్పుడల్లా స్థానిక కౌన్సిలర్లను కలిశారు. పార్టీ నాయకుడి ఎన్నికలో కౌన్సిలర్లకు, సాధారణ సభ్యులకు కూడా ఓటు ఉంటుంది.

ఎన్నికల్లేకుండానే 2024లో టీషక్ ఎలా అయ్యారు?

టీషక్‌ని ప్రజలు నేరుగా ఎన్నుకోరు, డాయిల్ ఎన్నుకుంటుంది, రాష్ట్రపతి నియమిస్తారు. మార్చి 20న టీషక్‌గా ఉన్న వరాద్కర్ తప్పుకుంటానని హఠాత్తుగా ప్రకటించారు. ఒకటి రెండు రోజుల్లోనే ఫినె గేల్ టీడీలు, సెనేటర్లలో అత్యధికులు హ్యారిస్ వైపు వచ్చేశారు, మిగతా పెద్ద పేర్లు వెనక్కి తగ్గాయి. పోటీ లేకుండా 24న నాయకుడయ్యారు. ఏప్రిల్ 9న డాయిల్ 88–69తో ఎన్నుకుంది. అన్నాళ్లు కౌన్సిలర్లతో పెట్టుకున్న పరిచయాల ఫలం అది. మే 28న స్పెయిన్, నార్వేలతో కలిసి ఐర్లాండ్ పాలస్తీనాను దేశంగా గుర్తించింది. ఆయన హయాంలో బయటి ప్రపంచం గమనించిన నిర్ణయం అదే.

ఆ నవంబర్ ఎన్నికలో ఎక్కడ తప్పింది?

ప్రచారం మొదట్లో ఫినె గేల్‌దే పైచేయి. నవంబర్ 22న కార్క్ కౌంటీలోని కాంటర్క్ అనే ఊళ్లో, ఒక దుకాణంలో కరచాలనాలు చేస్తుండగా, వికలాంగుల సంరక్షణలో పనిచేసే ఒక మహిళ ఆయన్ని ఆపారు. ప్రభుత్వం తమ రంగాన్ని పట్టించుకోలేదన్నారు. ఆయన "కాదు" అని కొట్టిపారేసి, ఆమె ఇంకా మాట్లాడుతుండగానే ముందుకు నడిచారు. ఆ వీడియో కొన్ని గంటల్లో దేశమంతా చూసింది. తర్వాత క్షమాపణ చెప్పారు.

ఆటిజం ఉన్న తమ్ముడి కోసం రాజకీయాల్లోకి వచ్చినవాడు ఆ రంగం మనిషి మాట వినకుండా వెళ్లిపోవడం, అదే జనాన్ని బాధించింది. సామాజిక మాధ్యమాల్లో చురుకుదనం చూసి "టిక్‌టాక్ టీషక్" అనిపించుకున్న నాయకుడిని చిన్న వీడియో ఒకటే దెబ్బకొట్టింది. దీనికి తోడు, పార్టీకి చెందిన పాత టీడీలు 18 మంది మళ్లీ పోటీ చేయలేదు. తెలిసిన ముఖానికి పడే ఓట్లు అలా కూడా పోయాయి. నవంబర్ 29న జరిగిన పోలింగ్ ఫలితాల్లో ఫియానా ఫాయిల్ 48, షిన్ ఫేన్ 39, ఫినె గేల్ 38. విక్లోలో మాత్రం హ్యారిస్ మొదటి రౌండ్‌లోనే గెలిచారు.

ఇప్పుడు ఏ పదవి? మళ్లీ ప్రధాని అవుతారా?

2025 జనవరి 23న ఫియానా ఫాయిల్ నేత మీహాల్ మార్టిన్ టీషక్ అయ్యారు. హ్యారిస్ టానిష్టగా, విదేశాంగ, రక్షణ శాఖలు తీసుకున్నారు. ఆ వేసవిలో డబ్లిన్‌లో భారతీయుల మీద దాడులు జరిగినప్పుడు ఖండించినవారిలో ఆయన ఉన్నారు. నవంబర్‌లో ఆర్థిక మంత్రి పాస్కల్ డొనహో ప్రపంచ బ్యాంకుకి వెళ్లిపోవడంతో ఆర్థిక శాఖకి మారారు. ఫియానా ఫాయిల్, ఫినె గేల్ కూటమి ఒప్పందం ప్రకారం 2027 నవంబర్‌లో టీషక్ పదవి మళ్లీ ఆయనకు రావాలి. అందాకా కూటమి నిలవాలి, పార్టీలో నాయకత్వమూ నిలవాలి. 2025 అక్టోబర్ రాష్ట్రపతి ఎన్నికలో పార్టీ అభ్యర్థి హెదర్ హంఫ్రీస్ కాథరిన్ కానలీ చేతిలో ఘోరంగా ఓడడం ఆయనకు మంచి చేయలేదు.

ఐర్లాండ్‌లో ఉంటున్న తెలుగువాళ్లకు ఓటు ఉందా?

ఉంది, కాని చాలామందికి తెలియదు. స్థానిక ఎన్నికల్లో ఓటుకి పౌరసత్వం అక్కర్లేదు. 18 ఏళ్లు నిండి అక్కడ నివాసం ఉంటే చాలు, ఏ దేశం పాస్‌పోర్టు అయినా సరే. డాయిల్ ఎన్నికలకు ఐరిష్, బ్రిటిష్ పౌరులు, రెఫరెండానికి, రాష్ట్రపతి ఎన్నికకు ఐరిష్ పౌరులు మాత్రమే.

నమోదుకి పీపీఎస్ నంబరు (మన ఆధార్‌లాంటి వ్యక్తిగత సంఖ్య), పుట్టిన తేదీ, ఎయిర్‌కోడ్ (ఒక్కో చిరునామాకు విడిగా ఉండే పిన్‌కోడ్) కావాలి. ప్రభుత్వ ఓటరు నమోదు సైట్‌లో పది నిమిషాల పని. సాధారణంగా తప్పేది మూడు చోట్ల. ఇల్లు మారాక పాత చిరునామాలోనే ఉండిపోవడం, ఎయిర్‌కోడ్ తప్పు కొట్టడం, పోలింగ్ దగ్గర పడ్డాక గుర్తు రావడం. గడువు పోలింగ్‌కి పదిహేను రోజుల ముందే ముగుస్తుంది, ఆదివారాలు, సెలవులు ఆ లెక్కలోకి రావు. స్థానిక ఎన్నికలు ఐదేళ్లకోసారి. చివరివి 2024 జూన్ 7న జరిగాయి కాబట్టి తర్వాతివి 2029లో.

ఓటు వేసేటప్పుడు ఏం జాగ్రత్త?

అంకెలే వేయండి. టిక్కు పెట్టి వదిలేస్తే చెల్లుతుందో లేదో అధికారి నిర్ణయం మీద పడుతుంది. రెండు పేర్ల పక్కన 1 వేస్తే ఓటు పోయినట్టే. పత్రం మీద పేరు, సంతకం, వ్యాఖ్య రాయకూడదు. ఒకే రోజు రెండు ఎన్నికలుంటే రెండో పత్రంలో కూడా 1 నుంచే మొదలుపెట్టాలి. మొదటిదాంట్లో 1, 2, 3 వేసి రెండోదాంట్లో 4, 5 వేసేవాళ్లున్నారు. వేలికి సిరా పెట్టరు. గుర్తింపు కార్డు అడిగే అధికారం ఉంది, జేబులో పెట్టుకుని వెళ్లండి.

పోటీ చేయవచ్చా?

కౌన్సిల్‌కి చేయవచ్చు, పౌరసత్వం లేకపోయినా. పార్టీ టికెట్ లేకపోతే ఆ ప్రాంత ఓటర్లు 15 మంది బలపరచాలి, లేదా 100 యూరోల డిపాజిట్ కట్టాలి. 2024లో కేరళ నుంచి వెళ్లిన బేబీ పెరెప్పాడన్ ఫినె గేల్ తరఫున సౌత్ డబ్లిన్ కౌన్సిల్‌కి గెలిచి మేయర్ కూడా అయ్యారు. డాయిల్‌కి పోటీ చేయాలంటే ఐరిష్ పౌరులై, 21 నిండాలి.

పౌరసత్వానికి గత తొమ్మిదేళ్లలో ఐదేళ్లు లెక్కకు వచ్చే నివాసం ఉండాలి. దరఖాస్తుకు ముందు చివరి ఏడాది తెంపు లేకుండా ఉండాలి. చదువుకోసం ఇచ్చే స్టాంప్ 2 కాలం ఆ ఐదేళ్లలోకి రాదు. మాస్టర్స్‌కి వెళ్లినవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే, దిగిన రోజు నుంచి లెక్కేసుకుంటారు. దరఖాస్తుకు 175, మంజూరయ్యాక ధ్రువపత్రానికి 950 యూరోలు. ఐరిష్ పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది, పాస్‌పోర్టు అప్పగించి ఓసీఐ కార్డుకు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి భారత ప్రభుత్వం ఇచ్చేది) వెళ్లాలి.